హెచ్‌బీ (హిమోగ్లోబిన్) 7.4కి పడిపోయింది, అయినా రక్తం ఎక్కించడం లేదు. ఎందుకు?

కొత్తపేట_కుర్రాడు · సోమవారం రాత్రి 11:40

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ చదివి వెళ్లిపోయేవాణ్ని, ఇవాళ నేనే అడగాల్సి వచ్చింది.

మా నాన్నకి 63. గుంటూరు మిర్చి యార్డులో గుమస్తా. పదిహేనేళ్లుగా షుగర్. నెల కిందట టిక్కీలు (మిర్చి బస్తాలు) దించే చోట ఇనుప రేకు తగిలి కాలు గీరుకుంటే పసుపు అద్ది ఊరుకున్నాడు. అది చీము పట్టి, మోకాలి దాకా వాచి, చివరికి ఇన్ఫెక్షన్ ఒళ్లంతటినీ దెబ్బతీసే సెప్సిస్ అన్నారు. కొత్తపేటలో ఒక ప్రైవేటు ఆసుపత్రి ఐసీయూలో ఇవాళ ఐదో రోజు. బీపీ నిలబడటానికి మందు ఎక్కుతోంది, ఆక్సిజన్ మాస్కు ఉంది. మనిషి పలుకుతున్నాడు.

చేర్చిన రోజు హెచ్‌బీ 10.8. ఇవాళ 7.4. రక్తం ఎక్కించమంటే డాక్టరుగారు "7 కంటే తగ్గితే చూద్దాం, ఇప్పుడు ఎక్కిస్తే లాభం కంటే ఇబ్బందే ఎక్కువ, ఇమ్యూనిటీ మీద కూడా ప్రభావం ఉంటుంది" అని వెళ్లిపోయారు. మా పెదనాన్న ఊరి నుంచి నలుగురు కుర్రాళ్లను కారులో వేసుకొచ్చాడు. ఆసుపత్రి బయట టీ బడ్డీ దగ్గర కూర్చుని "మనం డబ్బు కట్టలేమనుకుంటున్నారా" అని గొడవ. ఆయనకి ఏం చెప్పాలో నాకు తెలియడం లేదు.

రక్తం ఎక్కిస్తే బలం వస్తుంది కదా. ఇమ్యూనిటీ తగ్గడం ఏంటి? ఎవరికైనా తెలిస్తే చెప్పండి. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

ఖర్జూరం_బాబాయ్ · సోమవారం రాత్రి 11:58

బాబూ, వెంటనే ఇంకో డాక్టరుకి చూపించు. 1989లో మా అమ్మకి గర్భసంచి ఆపరేషన్ అయితే అడగకుండానే రెండు బాటిళ్లు ఎక్కించారు. తెల్లారేసరికి మొహం కళకళలాడింది. ఆ రోజుల్లో డాక్టర్లు చెయ్యి చూసి, కంటి కింద రెప్ప లాగి చూసి చెప్పేవారు. ఇప్పుడంతా అంకెలు. 7.4 అంటే మనిషిలో సగం రక్తం లేనట్టే కదా!

అడ్మిన్ · సోమవారం రాత్రి 12:05

ఆసుపత్రుల పేర్లు, డాక్టర్ల పేర్లు ఎవరూ రాయొద్దు. రాస్తే తీసేస్తాం. ఇక్కడి మాటలు విని మందులు మార్చొద్దు, మార్పించొద్దు.

నైట్‌డ్యూటీ_సిస్టర్ · మంగళవారం తెల్లవారుజామున 3:20

తమ్ముడూ, నేను విజయవాడలో ఐసీయూ స్టాఫ్ నర్సుని, పద్దెనిమిదేళ్ల సర్వీసు. డ్యూటీలో కాస్త ఖాళీ దొరికితే రాస్తున్నా.

ముందు హెచ్‌బీ ఎందుకు పడిందో చెప్తాను. సాధారణంగా రక్తం కారక్కర్లేదు. సెప్సిస్‌లో బీపీ నిలబెట్టడానికి మొదటి రోజే లీటర్ల కొద్దీ సెలైన్ ఎక్కిస్తాం. పప్పులో నీళ్లు పోసినట్టు, ఉన్న రక్తమే పలచబడుతుంది. 10.8 నుంచి ఒకటిన్నర, రెండు గ్రాములు అలాగే పోతాయి.

రెండోది, చెప్పుకోవడానికి సిగ్గుగా ఉన్నా నిజం. మేమే తీస్తాం. పొద్దున ఊదా మూత ట్యూబు సీబీసీకి (రక్తకణాల లెక్క), పసుపు మూత ట్యూబు కిడ్నీ, లివర్ పరీక్షలకి, నీలం మూతది రక్తం గడ్డకట్టే పరీక్షకి. మధ్యలో రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో చూసే ఏబీజీ. జ్వరం వస్తే రక్తంలో క్రిములున్నాయేమో చూసే కల్చర్ సీసాలు రెండు, వాటికి తలా 10 మి.లీ. రక్తనాళంలో పెట్టి ఉంచిన లైను నుంచి తీసేటప్పుడు మొదట వచ్చే రక్తంలో సెలైన్ కలిసి ఉంటుంది, దాన్ని చాలాచోట్ల పారేస్తారు. యూరప్‌లో 146 ఐసీయూల్లో లెక్క తీసి 2002లో అచ్చువేశారు: సగటున రోజుకి ఒక్కో రోగి నుంచి 41 మి.లీ. రక్తం పరీక్షలకే పోతోంది. పది రోజులకి 400 దాటింది. మన దగ్గర దాత ఇచ్చే చిన్న బ్యాగే 350.

మూడోది, ఇన్ఫెక్షన్‌లో ఎముక మజ్జ సరిగ్గా పని చేయదు. శరీరమే ఇనుమును లోపల దాచి బీరువాకి తాళం వేసేస్తుంది. క్రిములు పెరగడానికి ఇనుము కావాలి కాబట్టి వాటికి దొరక్కుండా. అందుకే ఈ టైములో ఐరన్ టానిక్ పోసినా పెద్దగా లాభం ఉండదు.

ఖర్జూరం బాబాయ్ గారూ, మీ అమ్మగారిది ఆపరేషన్‌లో పోయిన రక్తం. అది వేరే కథ.

ఇక ఇమ్యూనిటీ సంగతి డాక్టర్లు ఎవరైనా చెప్తే బాగుంటుంది. నాకు తెలిసింది చూసి తెలిసింది మాత్రమే. అలారం మోగుతోంది, వెళ్తున్నా.

కొత్తపేట_కుర్రాడు · మంగళవారం ఉదయం 6:15

థాంక్స్ అక్కా. ఆ ట్యూబుల సంగతి నాకు అసలు తట్టలేదు.

పీజీ_మత్తు · మంగళవారం ఉదయం 8:02

మత్తు విభాగంలో పీజీ చేస్తున్నాను, గుంటూరులోనే. ఐసీయూ పోస్టింగ్‌లో ఉన్నా.

ఆ 7 అనే అంకె ఎవరో సరదాగా పెట్టింది కాదండీ. అంతకుముందు చాలా ఏళ్లు 10 పట్టుకుని వేళ్లాడేవారు. పదికి తగ్గితే ఎక్కించడమే. కెనడాలో ఐసీయూ రోగులు 838 మందిని చీటీ వేసినట్టు రెండు గుంపులు చేశారు. ఒక గుంపులో హెచ్‌బీ 7 కంటే తగ్గితేనే ఎక్కించారు. రెండో గుంపులో 10 కంటే తగ్గగానే ఎక్కించారు. 1999లో ఫలితం వచ్చింది. 30 రోజుల్లో మరణాలు మొదటి గుంపులో 18.7 శాతం, ధారాళంగా ఎక్కించిన గుంపులో 23.3 శాతం. ఆ తేడా యాదృచ్ఛికం కావచ్చు, అంత చిన్న తేడాకి తీర్పు చెప్పలేం. కానీ 55 ఏళ్లలోపు వాళ్లలో చూస్తే 5.7కి 13 శాతం. జబ్బు తీవ్రత కాస్త తక్కువగా ఉన్నవాళ్లలో 8.7కి 16.1. అక్కడ తేడా కొట్టొచ్చినట్టు కనిపించింది. రక్తం ఎక్కువ ఇస్తే మేలు జరుగుతుందని వెతకబోతే ఎదురుగా వచ్చింది ఇది.

మీ నాన్నగారి లాంటి కేసులకే ఇంకోటి ఉంది. 2014లో డెన్మార్క్, చుట్టుపక్కల దేశాలవాళ్లు సెప్టిక్ షాక్ (సెప్సిస్‌తో బీపీ పడిపోయిన) రోగులు సుమారు వెయ్యి మందిలో 7, 9 గీతలు పోల్చారు. 90 రోజులకి మరణాలు 43 శాతం, 45 శాతం. అంటే దాదాపు సమానం. కానీ 7 దగ్గర ఆగినవాళ్లకి వాడిన రక్తం రెండో గుంపులో సగమే. సగం ప్యాకెట్లతో అదే ఫలితం వస్తే మిగతా సగం ఎందుకు ఎక్కించినట్టు?

మీ డాక్టరుగారు పాఠం ప్రకారమే నడుస్తున్నారు. డబ్బుకీ దానికీ సంబంధం లేదు. నిజం చెప్పాలంటే డబ్బు కోసమైతే ఎక్కించేవారే.

ఖర్జూరం_బాబాయ్ · మంగళవారం ఉదయం 8:30

చివరి లైను మాత్రం ఒప్పుకుంటా.

కొత్తపేట_కుర్రాడు · మంగళవారం మధ్యాహ్నం 1:10

డాక్టరుగారూ, అంకెలు అర్థమయ్యాయి. కానీ ఎక్కిస్తే లోపల ఏం జరుగుతుంది? రక్తం కదా, విషం కాదు కదా. పెదనాన్నకి అది చెప్పగలిగితే చాలు.

పీజీ_మత్తు · మంగళవారం రాత్రి 9:45

డ్యూటీ అయింది. కాస్త పొడుగ్గా రాస్తా, ఓపిక పట్టండి.

ఒక మనిషి అవయవం ఇంకో మనిషికి పెడితే దాన్ని మార్పిడి అంటాం, భయపడతాం, నలభై పరీక్షలు చేస్తాం. రక్తం కూడా అవయవమే. కాకపోతే ద్రవంగా ఉంటుంది, గ్రూపు కలిస్తే చాలనుకుంటాం. గ్రూపు కలిసేది ఎర్రకణాల వరకే. ఆ ప్యాకెట్లో ఇంకా చాలా ఉంటాయి.

వడకట్టని ప్యాకెట్లో దాత తెల్లకణాలు వంద కోట్ల లెక్కలో ఉంటాయి. అవి ఫ్రిజ్‌లో ఉన్నన్నాళ్లూ మెల్లగా చచ్చిపోతూ లోపలి రసాయనాలను బయటకి వదులుతాయి. బతికున్నవేమో రోగి ఒంట్లోకి వెళ్లి కొన్నిసార్లు రోజులు, అరుదుగా ఏళ్ల తరబడి కూడా కాపురం పెడతాయి. రోగి శరీరం వాటిని పరాయివని గుర్తుపట్టినా, ఇంత పెద్ద మోతాదులో వచ్చేసరికి ఒక్కోసారి తిరగబడకుండా సర్దుకుపోవడం నేర్చుకుంటుంది. సర్దుకుపోవడం అంటే రక్షణ వ్యవస్థ స్వరం తగ్గించుకోవడమే.

ఎర్రకణాల సంగతీ ఉంది. నిల్వ ఉన్న రక్తంలో ఎక్కించిన 24 గంటల్లోపు పాతిక శాతం దాకా కణాలు నశించినా ప్రమాణాల ప్రకారం ఫర్వాలేదు. ఒక ప్యాకెట్లో 200 నుంచి 250 మి.గ్రా. ఇనుము ఉంటుంది. అందులో పాతిక శాతమంటే యాభై, అరవై మి.గ్రా. మామూలుగా మన ఒంట్లో ముసలి కణాలను తినే మాక్రోఫేజ్‌లు రోజంతా కష్టపడి 20, 25 మి.గ్రా. ఇనుమే తిప్పుతాయి. అంటే రెండు, మూడు రోజుల పని ఒక్క పూటలో వాటి నెత్తిన పడుతుంది. క్రిములను పట్టి తినేదీ ఆ మాక్రోఫేజ్‌లే. అవి చెత్త ఎత్తే పనిలో పడితే దొంగల్ని ఎవరు పట్టుకుంటారు? పైగా తట్టుకోలేక వదిలేసిన ఇనుము రక్తంలో తేలుతుంది. పొద్దున సిస్టర్ గారు చెప్పిన బీరువా తాళం గుర్తుందా? లోపల తాళం వేసి, బయట గుమ్మంలో బియ్యం బస్తా దింపినట్టు.

ఇప్పుడు మీ నాన్నగారి పరిస్థితి. సెప్సిస్ అంటే మొదట రక్షణ వ్యవస్థ వీరంగం వేస్తుంది. జ్వరం, బీపీ పడిపోవడం అంతా దాని పుణ్యమే. కొన్ని రోజులకి అదే అలిసి చతికిలబడుతుంది. మోనోసైట్లు అనే తెల్లకణాలు పట్టిన క్రిమి ముక్కను ఒంటి మీద జెండాలా పెట్టుకుని మిగతావాటికి చూపిస్తాయి. ఆ జెండా కర్ర పేరు హెచ్‌ఎల్‌ఏ-డీఆర్. సెప్సిస్ ముదిరినవాళ్లలో అది తగ్గిపోతుంది. అది తగ్గి చాలా రోజులు లేవనివాళ్లకి ఆసుపత్రిలో రెండో ఇన్ఫెక్షన్, న్యుమోనియా లాంటివి, ఎక్కువ పడతాయి. ప్రయోగశాలలో నిల్వ రక్తం తాలూకు ద్రవాన్ని మోనోసైట్లకి తగిలిస్తే వాటి చురుకు తగ్గడం, ఐఎల్-10 లాంటి జోకొట్టే సంకేతాలు పెరగడం చూశారు. ఇదంతా కలిపి ట్రిమ్ అంటాం, రక్తమార్పిడి వల్ల రోగనిరోధకతలో వచ్చే మార్పు. ఆరోగ్యంగా ఉన్న మనిషి దాన్ని పట్టించుకోడు. అప్పటికే చతికిలబడినవాడి మీద పడితేనే గొడవ.

ఇంకో తలకాయ కూడా ఉంది దీనికి. జోకొట్టడమే కాదు, రెచ్చగొట్టడం కూడా జరుగుతుంది. ఇన్ఫెక్షన్‌తో ఊపిరితిత్తుల్లో తెల్లకణాలు ముందే కాచుకుని ఉంటాయి. దాత ప్లాస్మాలో (రక్తంలోని ద్రవభాగం) వాటికి సరిపడని యాంటీబాడీలు ఉంటే 6 గంటల్లోపు ఊపిరితిత్తుల్లోకి నీరు దిగుతుంది. దాన్ని ట్రాలీ అంటాం. ఎక్కువసార్లు గర్భం దాల్చిన స్త్రీల ప్లాస్మాలో ఆ యాంటీబాడీలు ఉండే అవకాశం ఎక్కువ. అందుకే బ్రిటన్‌లో 2003 నుంచి ప్లాస్మాకి మగ దాతల వైపు మళ్లారు, కేసులు బాగా తగ్గాయి. ఎర్రకణాల ప్యాకెట్లో ప్లాస్మా కొంచెమే కాబట్టి ఆ భయం తక్కువ, అసలు లేకపోలేదు.

రెండోకిడ్నీ · మంగళవారం రాత్రి 10:30

ఆటోనగర్‌లో లేత్ మిషన్ పని నాది. నాకు మా అమ్మ కిడ్నీ పెట్టి ఆరేళ్లయింది. మూడేళ్లు డయాలసిస్‌లో ఉన్నప్పుడు హెచ్‌బీ 6.9, 7.2 ఇలా ఉండేది, మెట్లెక్కితే ఆయాసం. అయినా మా నెఫ్రాలజీ డాక్టరు రక్తం అంటే వీలైనంత వరకు వద్దనేవారు, మజ్జను కదిలించే ఇంజెక్షన్లతో నెట్టుకొచ్చారు. ఎక్కించిన ప్రతి ప్యాకెట్‌కీ ఒంట్లో పరాయి మనుషుల మీద యాంటీబాడీలు తయారవుతాయట. రేపు దాత దొరికాక, ఆ కిడ్నీ మన ఒంటికి పడుతుందా అని చూసే క్రాస్‌మ్యాచ్ పరీక్ష తేడా కొడితే, మీ అమ్మ కిడ్నీ కూడా మీకు పనికిరాదు అన్నారు. అప్పుడు భయమేసింది.

తమాషా ఏంటంటే ఆయనే చెప్పారు, ఒకప్పుడు దీనికి పూర్తి రివర్స్‌గా ఉండేదట. 1973లో ఓపెల్జ్, తెరసాకి అనే పరిశోధకులు చూస్తే, ముందు రక్తం ఎక్కించుకున్నవాళ్లలోనే పెట్టిన కిడ్నీ ఎక్కువ కాలం నిలిచింది. అంతే, కావాలని రక్తం ఎక్కించి మరీ కిడ్నీ పెట్టేవారు! 1980ల్లో, పెట్టిన కిడ్నీని ఒళ్లు తిరగ్గొట్టకుండా ఆపే సైక్లోస్పోరిన్ మందు వచ్చాక ఆ అవసరం పోయింది. పీజీ గారు చెప్పిన జోకొట్టడం మొదట బయటపడింది అక్కడేనట. కిడ్నీకి మంచి చేసిన గుణమే ఇన్ఫెక్షన్ ఉన్నవాడికి చెడు చేస్తుందన్నమాట.

పీజీ_మత్తు · మంగళవారం రాత్రి 10:41

సూపర్ అండీ. నేను రాద్దామనుకుని నిడివి చూసి వదిలేసింది మీరు రాశారు. ఒకే రక్తం ఒకరిలో సర్దుబాటు, ఇంకొకరిలో యాంటీబాడీలు ఎందుకు తెస్తుందంటే తీసుకునే మనిషిని బట్టి, మోతాదును బట్టి, తెల్లకణాలను బట్టి మారుతుంది.

బ్రాడీపేట_4వలైన్ · బుధవారం ఉదయం 7:15

రిటైర్డ్ లెక్కల మాస్టారిని. వైద్యం నాకు తెలియదు కానీ లెక్క తెలుసు. ఒక మాట.

రక్తం ఎక్కించినవాళ్లలో ఇన్ఫెక్షన్లు ఎక్కువ, మరణాలు ఎక్కువ అని చెప్పే పరిశీలనలు బోలెడు ఉంటాయి. వాటిని చూసి రక్తమే చంపింది అనకండి. జబ్బు ఎక్కువైనవాడికే రక్తం ఎక్కువ పడుతుంది. పెద్దాసుపత్రికి వెళ్లినవాళ్లే ఎక్కువ పోతున్నారని పెద్దాసుపత్రిని తిట్టినట్టుంటుంది. అందుకే పీజీ గారు చెప్పిన చీటీల పద్ధతి ప్రయోగాలనే నమ్మాలి. వాటిలో ఇన్ఫెక్షన్ల లెక్క ఏమని తేలింది?

పీజీ_మత్తు · బుధవారం మధ్యాహ్నం 2:50

మాస్టారూ, నమస్కారం. సరైన చోట పట్టుకున్నారు.

2014లో అలాంటి ప్రయోగాలన్నీ పోగేసి చూస్తే, పొదుపుగా ఎక్కించిన గుంపులో తీవ్రమైన ఇన్ఫెక్షన్లు 11.8 శాతం, ధారాళంగా ఎక్కించిన గుంపులో 16.9 శాతం. అది చూసి మావాళ్లంతా ఎగిరి గంతేశారు. తర్వాత ఇంకా పెద్ద పోగు వచ్చింది, 2021లో, ఇలా ప్రయోగాలు పోగేసి తూచే కొక్రేన్ సంస్థ వాళ్లది, 48 ప్రయోగాలు, 21 వేల మందికి పైగా. అందులో ఇన్ఫెక్షన్ల తేడా స్పష్టంగా నిలబడలేదు. 30 రోజుల మరణాల్లోనూ తేడా లేదు. నిలబడిందల్లా, రక్తం ఎక్కించుకోవాల్సి వచ్చేవాళ్లు 41 శాతం తగ్గారన్నది.

కాబట్టి నేను నిన్న రాసిన లోపలి కథ నిజమే, కానీ అది మంచం మీద మనిషి దాకా వచ్చేసరికి ఎంత బరువుంటుందన్నదాని మీద వాదన ఇంకా నడుస్తోంది. "రక్తం ఎక్కిస్తే ఇన్ఫెక్షన్ వస్తుంది" అని ఎవరైనా అడ్డంగా చెప్తే నమ్మకండి. "ఎక్కించకపోయినా నష్టం లేనప్పుడు ఎక్కించొద్దు" అన్నది మాత్రం గట్టి మాట.

బ్రాడీపేట_4వలైన్ · బుధవారం మధ్యాహ్నం 3:05

ఇలా చెప్పే కుర్ర డాక్టర్లు ఉన్నందుకు సంతోషం.

పటమట_పిన్ని · బుధవారం సాయంత్రం 5:20

నాకో సందేహం. ఎవరిదో ముక్కూమొహం తెలియని రక్తం కాబట్టి కదా ఇదంతా. కొడుకు రక్తం తండ్రికి ఎక్కిస్తే ఒకే రక్తం, ఏ గొడవా ఉండదు. బాబూ, నీది ఓ పాజిటివ్ అయితే నువ్వే ఇచ్చెయ్, తాజాగా తీసి తాజాగా ఎక్కించమను.

బ్యాగ్‌నంబర్ · బుధవారం సాయంత్రం 6:40

పిన్నిగారూ, దయచేసి వద్దు! విజయవాడలో బ్లడ్ సెంటర్‌లో టెక్నీషియన్‌ని, పద్నాలుగేళ్లు. ఈ మాట వారానికి ఒకసారైనా కౌంటర్ దగ్గర వింటాను. అందరికీ చెప్పాల్సిన మాట.

పరాయివాడి తెల్లకణాలు ఒంట్లోకి వస్తే మన ఒళ్లు వాటిని గుర్తుపట్టి చంపేస్తుంది. కొడుకువో, అన్నవో అయితే పోలిక దగ్గరగా ఉండి ఒక్కోసారి గుర్తుపట్టలేదు. కానీ వచ్చిన కణాలు మాత్రం ఈ ఇల్లు తమది కాదని గుర్తుపడతాయి. అప్పుడు అవి పెరిగి రోగి చర్మం, పేగులు, కాలేయం, చివరికి ఎముక మజ్జ మీద దాడి చేస్తాయి. సాధారణంగా వారం, పది రోజులకి జ్వరం, ఒళ్లంతా ఎర్రటి దద్దు, విరేచనాలు. నూటికి తొంభై మందికి పైగా దక్కరు. అరుదే, కానీ వస్తే ఇంతే. జపాన్‌లో ఆపరేషన్లకి చుట్టాల తాజా రక్తం వాడే అలవాటు ఎక్కువ ఉండేది, అక్కడ 1955లోనే ఈ దద్దు గురించి రాశారు. అసలు కారణం చాలా ఏళ్ల తర్వాత తెలిసింది.

తప్పనిసరై దగ్గరి చుట్టం రక్తమే ఎక్కించాలంటే ముందు ఆ ప్యాకెట్‌కి 25 గ్రే (రేడియేషన్ కొలత) రేడియేషన్ ఇవ్వాలి. దాంతో ఆ తెల్లకణాలు బతికున్నా పెరగలేవు. ఫిల్టర్ చేస్తే చాలదా అని అడుగుతారు. చాలదు. ఫిల్టర్ వంద కోట్లను 50 లక్షల లోపుకి దించుతుంది, జ్వరం, చలి లాంటి రియాక్షన్లు తగ్గుతాయి, మంచిదే. కానీ ఈ జబ్బుకి దాన్ని నమ్ముకోకూడదు.

కుర్రాడు గారూ, మీ పెదనాన్నగారు తెచ్చిన నలుగురితో రక్తం ఇప్పించండి, తప్పకుండా. అది మీ నాన్నగారికే ఎక్కదు, స్టాకులోకి వెళ్తుంది. అక్కడి నుంచి సరిపడే ఇంకో ప్యాకెట్ వస్తుంది. అదే మంచి పద్ధతి.

కొత్తపేట_కుర్రాడు · బుధవారం రాత్రి 8:00

అమ్మో. నిన్న రాత్రి నేను నిజంగానే చొక్కా చెయ్యి మడిచి కౌంటర్ దగ్గర నిలబడ్డాను. వాళ్లు ఫారం ఇచ్చి నింపమన్నారు, అంతలో సుగర్ మందులు తెమ్మని ఫోన్ వస్తే వెళ్లిపోయాను.

ఇంకో సందేహం అండీ. స్టాకులో ఉన్నది పాతది కదా? కొత్తది అడిగి తీసుకోవచ్చా?

బ్యాగ్‌నంబర్ · బుధవారం రాత్రి 9:10

అందరూ అడిగేదే. పాల ప్యాకెట్ వెనకాల నుంచి లాగినట్టు అడుగుతారు. ఎర్రకణాల ప్యాకెట్ 2 నుంచి 6 డిగ్రీల మధ్య, అందులో కలిపిన ద్రావణాన్ని బట్టి 35 లేదా 42 రోజులు ఉంటుంది. లేబుల్ మీద తీసిన తేదీ, గడువు తేదీ రెండూ ఉంటాయి. పాతబడే కొద్దీ పొటాషియం పెరుగుతుంది, కొన్ని కణాలు పగులుతాయి. మేము బ్యాగ్ ఇచ్చే ముందు లైటుకి ఎత్తి చూస్తాం. కణాలు అడుగున పేరుకుని పైన పలుచటి తేట ఉంటుంది. ఆ తేట ఎర్రబారినా, గడ్డలు కనిపించినా, ఊదా రంగు తిరిగినా ఆ బ్యాగ్ పక్కకే.

పాతది చెడ్డదని అందరం అనుకున్నాం. కానీ ఐసీయూ రోగుల మీదే కెనడా, యూరప్‌ల్లో 2,430 మందితో 2015లో ఒకటి, ఆస్ట్రేలియావాళ్ల ఆధ్వర్యంలో దాదాపు 5 వేల మందితో 2017లో ఇంకోటి చేశారు. కొత్త రక్తం ఎక్కించినా మామూలు వరుసలో వచ్చింది ఎక్కించినా మరణాల్లో తేడా రాలేదు. కాబట్టి కౌంటర్ దగ్గర తేదీ కోసం గొడవ పెట్టుకోవద్దు. పసిపిల్లలు, తలసేమియా పిల్లల విషయం వేరు, వాళ్లకి వీలైనంత కొత్తదే వెతికి ఇస్తాం.

రెండోకిడ్నీ · బుధవారం రాత్రి 9:25

లోపల అంత జరుగుతుందని పీజీ గారు చెప్పారు, తేడా లేదని మీరు చెప్తున్నారు. ఎలా?

పీజీ_మత్తు · గురువారం ఉదయం 7:40

మంచి ప్రశ్న. నాకు తోచిన జవాబు: ఆ ప్రయోగాల్లో పాతది అన్న ప్యాకెట్లు సగటున మూడు వారాల అటూ ఇటూ. ఇనుము బయటకి తేలడం ఆరోగ్యవంతుల్లో చూసినప్పుడు అది ఎక్కువగా ఐదు, ఆరు వారాల రక్తంలోనే కనిపించింది. చివరి వారం ప్యాకెట్లు ప్రయోగాల్లో తక్కువ. అదీకాక ఆ దేశాల్లో చాలాచోట్ల ప్రతి ప్యాకెట్‌నీ నిల్వకు ముందే ఫిల్టర్ చేస్తారు. కెనడా, బ్రిటన్ 1999లోనే మొదలుపెట్టాయి. మన దగ్గర అన్నిచోట్లా అది లేదు, అడిగినవాళ్లకి, అవసరమైనవాళ్లకి చేస్తారు. పడక పక్కన పెట్టే ఫిల్టర్ కంటే నిల్వకు ముందు చేసేదే మేలు, ఎందుకంటే తెల్లకణాలు చచ్చి రసాయనాలు వదిలాక వడకట్టి ఏం లాభం?

ఇంకో సంగతి మర్చిపోయాను. ఈ 7 అందరికీ వేదం కాదు. గుండెపోటు వచ్చినవాళ్లలో 2023లో 3,504 మంది మీద చేసిన ప్రయోగంలో 10 దాకా ఉంచిన గుంపుకి 30 రోజుల్లో మరణం లేదా మళ్లీ గుండెపోటు 14.5 శాతం, పొదుపు గుంపుకి 16.9. పూర్తిగా తేలలేదు, కానీ గుండె రోగుల్లో మేం 7 దాకా ఆగం. తలకి దెబ్బ తగిలినవాళ్లలోనూ అంతే, ఇప్పుడు గీత పైకి జరుగుతోంది. ధారగా రక్తం పోతున్నవాడికైతే అంకెలు చూస్తూ కూర్చోం.

కుర్రాడు గారూ, మీ నాన్నగారికి ఈసీజీ, ఎకో చేశారా?

కొత్తపేట_కుర్రాడు · గురువారం ఉదయం 9:30

చేశారు, గుండె బాగానే ఉందన్నారు. కానీ ఇవాళ పదింటికి కాలికి థియేటర్‌లోకి తీసుకెళ్తున్నారు. చచ్చిన కండ తీసెయ్యాలట. వచ్చాక రాస్తా.

పటమట_పిన్ని · గురువారం ఉదయం 9:34

దుర్గమ్మ చల్లగా చూస్తుంది. ధైర్యంగా ఉండు నాన్నా.

కొత్తపేట_కుర్రాడు · శుక్రవారం రాత్రి 10:20

అప్‌డేట్. ఆపరేషన్‌లో కొంత రక్తం పోయింది. నిన్న సాయంత్రం హెచ్‌బీ 6.7. ఈసారి మేము అడగకుండానే డాక్టరుగారే ఒక ప్యాకెట్ చాలు అని రాశారు. పెదనాన్న వెంటనే "నలుగురు ఇచ్చాం కదా, రెండైనా ఎక్కించండి" అన్నాడు. ఒకటి ఎక్కించి మళ్లీ చూద్దాం అన్నారు.

నేను అద్దం బయట నిలబడి మొత్తం చూశాను. ఇద్దరు సిస్టర్లు వచ్చి ఒకరు బ్యాగ్ మీది నంబరు చదివితే ఇంకొకరు కాగితం మీద సరిచూశారు, నాన్న చేతి పట్టీ మీద పేరు చూశారు, నాన్నని కూడా పేరు చెప్పమన్నారు. మొదటి పదిహేను నిమిషాలు ఒకామె అక్కడి నుంచి కదల్లేదు. చుక్కలు మెల్లగా, మూడు గంటలు పట్టింది. తెల్లారి 7.6. ఇవాళ సాయంత్రం బీపీ మందు ఆపేశారు.

నైట్‌డ్యూటీ_సిస్టర్ · శుక్రవారం రాత్రి 11:50

హమ్మయ్య. మెల్లగా ఎక్కించడం మంచి పని, ఆ వయసులో తొందరపడితే గుండె మీద బరువు పడి ఆయాసం వస్తుంది. నాలుగు గంటలు మాత్రం దాటనివ్వం. ఒక ప్యాకెట్‌కి ఒక గ్రాము అటూ ఇటూ పెరుగుతుంది, మీ నాన్నగారికి సరిగ్గా అంతే పెరిగింది.

రేపు డాక్టరుగారిని ఒక మాట అడుగు తమ్ముడూ, రోజూ అన్ని పరీక్షలూ కావాలా అని, పిల్లల చిన్న ట్యూబులు వాడటం కుదురుతుందా అని. గొడవగా కాదు, మామూలుగా.

కొత్తపేట_కుర్రాడు · సోమవారం ఉదయం 11:15

అడిగాను అక్కా. డాక్టరుగారు నవ్వి "ఎవరు చెప్పారు మీకు" అన్నారు. గడ్డకట్టే పరీక్ష రోజూ అక్కర్లేదని కొట్టేశారు, చిన్న ట్యూబులు తెప్పించారు. నిన్న వార్డుకి మార్చారు. హెచ్‌బీ 7.9, మళ్లీ ఎక్కించలేదు. నాన్న ఇడ్లీ వద్దు, గోంగూర పచ్చడి కావాలంటున్నాడు.

పెదనాన్న ఊరెళ్లలేదు. వార్డు గుమ్మం దగ్గర స్టూలు వేసుకుని కూర్చుంటున్నాడు. ల్యాబ్ కుర్రాడు ట్రే పట్టుకుని వస్తే చాలు, "ఏవయ్యా, ఇవాళ ఎన్ని ట్యూబులు?" అని లెక్కపెట్టి లోపలికి పంపిస్తున్నాడు.